నమూనా కన్ను

మొగుడి మీద వకుళకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఏనాడూ తప్పు చేయడు.

పాలు పొంగిపోతే స్టవ్వుది తప్పు. రైలు వెళ్ళిపోతే అది ముందొచ్చింది. ఒకసారి ఆమె పుట్టింటికి వెళ్ళినప్పుడు తనే చారు పెట్టుకుని, ఉప్పు రెండుసార్లు వేసుకుని, ఈ మధ్య ఉప్పులో ఘాటు పెరిగిందని తేల్చాడు. తప్పు చేసే మొగుడితో పోట్లాడవచ్చు, నాలుగు రోజులు మాట్లాడటం మానేయవచ్చు, ఆఖరికి ఓ చీరైనా రాబట్టవచ్చు. చేయనివాడి దగ్గర ఆ అవకాశాలేవీ ఉండవు. కాకినాడలో ఓ అపార్టుమెంటు మూడో అంతస్తులో వకుళ ఇరవై ఏళ్ళుగా ఒక నిర్దోషితో కాపురం చేస్తోంది. పిల్లలు లేరు. అది కూడా విశ్వపతి తప్పు కాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయన మాట నిజమే.

అత్తగారు సుభద్రమ్మ వేరే రకం. ఆవిడ తప్పొప్పుల జోలికి పోదు. ఆవిడ దగ్గరున్నవన్నీ ఆచారాలు. ఎండ ఇంకా గోడ దిగకముందే ఇంట్లో దీపాలన్నీ వెలగాలి. పొద్దు వాలకముందే భోజనాలైపోవాలి. దీపాలు పెట్టాక ఎవరూ గడప దాటకూడదు. ఆ గడపకి జానెడు వెడల్పున సున్నం, దాని మీద పసుపు. గ్రానైటు మీద అంత సున్నం చూసి పక్కింటివాళ్ళు మొదట్లో ఏదో శాంతి చేయించారనుకున్నారు. ఇక కుర్చీ గానీ, బల్ల గానీ, మంచినీళ్ళ చెంబు గానీ ఉన్నచోటి నుంచి కదలకూడదు. "సామాను కదిపితే లక్ష్మి నిలవదే అమ్మాయ్" అనేది ఆవిడ.

ఆ వంశంలో రాత్రి ముహూర్తాలు కూడా లేవు. పగటి ముహూర్తం కోసం వకుళ నాన్న పురోహితుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, చివరికి మండుటెండలో పెళ్ళి చేశాడు. మిట్టమధ్యాహ్నం పందిరి బయటికి తీసుకొచ్చి, సూర్యుడు నడినెత్తిన ఉండగా పెళ్ళికొడుకు వేలెత్తి "అదిగో అరుంధతి" అన్నాడు.

"కనిపించిందా అమ్మా?" అన్నాడు పురోహితుడు.

"ఆఁ" అంది వకుళ. కాపురం అబద్ధంతో మొదలవుతోందని అప్పుడే ఆమెకి కాస్త అనుమానం వేసింది.

విశ్వపతిది ధ్వనిశాస్త్రం. అపార్టుమెంటులో అందరూ డాక్టరుగారనే పిలిచేవారు. మోకాళ్ళ నొప్పికి మందడిగితే మాత్రం ఇబ్బంది పడేవాడు. ఆయన పెళ్ళైన కొత్తలోంచీ తయారు చేస్తూ వచ్చిన యంత్రం పేరు నేత్రశిల్పి. మామూలు స్కానింగు కడుపులో బిడ్డ కన్ను ఎంతుందో కొలిచి ఊరుకుంటుంది. శిల్పి అలా కాదు. కంటి లోపలి తెర మీదికి వినపడని ధ్వని పంపి, ఆ తెర ఎలా మోగుతోందో వినేది, బజారులో మనం కుండని వేలితో కొట్టి చూసుకున్నట్టు. మోత తేడాగా ఉంటే అదే ధ్వనితో, కుమ్మరి పచ్చికుండని అరచేత్తో నొక్కి తీర్చినట్టు, ఆ తెరని మెల్లగా తీర్చేది. కోత లేదు, కుట్టు లేదు. ఇకమీదట చూపులేకుండా ఒక్క బిడ్డా పుట్టకూడదని విశ్వపతి కల. ఆయన సంగతులు చాలావాటి మీద వకుళకి వెటకారం ఉండేది గానీ, ఆ కల మీద ఎన్నడూ లేదు.

చిక్కల్లా ఒక్కచోటే వచ్చింది. తెర మోత అంతకుముందు ఎవరూ విని ఉండలేదు. తప్పు మోత ఏదో చెప్పాలంటే సరైన మోత ఏదో ముందు తెలియాలి. అందుకు ఆరోగ్యంగా ఉన్న గర్భిణులు కావాలి. 'ఇచ్చట లింగనిర్ధారణ చేయబడదు' అన్న బోర్డు కింద ల్యాబు తలుపులు తెరుచుకుని కూర్చుంటే ఒక్కరు రాలేదు. పుట్టని బిడ్డ కళ్ళలోకి తొంగిచూస్తే దిష్టి తగులుతుందని ఊరంతా పాకిపోయింది.

అప్పుడు సుభద్రమ్మ కొంగు బిగించింది. "పరాయివాళ్ళ కాళ్ళు పట్టుకోవడం దేనికిరా విశ్వం? మనవాళ్ళు లేరూ?"

ఆవిడకి పుట్టిల్లూ అత్తిల్లూ ఒకటే. సొంత మేనమామనే చేసుకుంది. తరతరాలుగా ఆ ఇంట్లో మేనరికాలే. బయటి పిల్లని తెచ్చుకున్నవాడు విశ్వపతి ఒక్కడు, ఆ సంగతి వకుళకి గుర్తు చేయని పండగ లేదు. కబురు వెళ్ళగానే వ్యాను నిండా కడుపుతో ఉన్నవాళ్ళు పులిహోర గిన్నెలతో దిగారు. వాళ్ళలో ఎవరు కూతురో ఎవరు కోడలో విడదీయడం వకుళ వల్ల కాలేదు, చాలామంది రెండూ. పైగా ఎప్పుడు పిలిచినా ఎవరో ఒకరికి నెల తప్పే ఉండేది. వకుళ పొద్దు వాలకముందే అందరికీ వడ్డించేది. తిరిగి వెళ్ళేటప్పుడు ఒకరి భుజం ఒకరు పట్టుకుని, టార్చిలైట్లు వేసుకుని మెట్లు దిగేవారు. మెట్ల మీద బల్బు వెలుగుతూనే ఉండేది. కడుపులతో ఉన్నారు కదా, జాగ్రత్త కాబోలు అనుకుంది వకుళ.

వాళ్ళ కళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయో లేదో కంటి డాక్టర్లు చూడకపోలేదు. పగలు చూశారు, కళ్ళజోళ్ళు పెట్టించి చూశారు. అందరూ అక్షరాల అట్ట మీద ఆఖరి వరుస దాకా గడగడా చదివేశారు. అందరివీ సోడాబుడ్డి అద్దాలే.

"కళ్ళజోడు జబ్బేంటండీ?" అన్నాడు విశ్వపతి. "చదువుకున్న వంశం!"

ఆ వ్యానుల్లో వచ్చిన మోతలన్నీ కలిపి యంత్రం ఒక నమూనా కన్ను తయారు చేసుకుంది.

ఆ తర్వాత బయటివాళ్ళూ ధైర్యం చేసి రావడం మొదలుపెట్టారు. దాదాపు ప్రతి బిడ్డకీ దోషం కనిపించింది. గర్భంలోనే మొదలయ్యే కంటి జబ్బు ఇంత విస్తారంగా ఉందా అని పేపర్లు గగ్గోలు పెట్టాయి. విశ్వపతిని వేదికలెక్కించి శాలువాలు కప్పారు. ఊరూరా శిల్పి యంత్రాలు వెలిశాయి. లోకంలో విశ్వపతి బంధువులు తప్ప మిగతావాళ్ళు లోపంతోనే పుడుతున్నారని యంత్రం తేల్చింది. సుభద్రమ్మకి ఆ సంగతి ముందునుంచీ తెలుసు.

వకుళ చెల్లెలు మందాకినిది సామర్లకోట. ఆరో నెల రాగానే స్కానింగుకి రమ్మని ఫోన్లో పోరింది వకుళే.

"ఎందుకక్కా, మా డాక్టరమ్మ అంతా బాగానే ఉందంది."

"ఆవిడ పైన కొలిచింది. మీ బావగారు లోపల వింటారు."

"మా అత్తగారు దిష్టి అంటున్నారు."

"మీ అత్తగారు ఫ్రిజ్జుకి కూడా దిష్టి తీస్తారు. నోరు మూసుకుని బస్సెక్కు."

మందాకిని వచ్చింది. బల్ల మీద పడుకోబెట్టి పొట్ట మీద జెల్లు పూశారు. తెర మీద ఒక పచ్చగీత, అది నమూనా కన్ను. దానికి చాలా ఎత్తున ఇంకో గీత ఎగిరెగిరి పడుతోంది. అది మందాకిని బిడ్డ కన్ను.

"చూశావా ఎంత తేడానో?" అన్నాడు విశ్వపతి. మరదలి మొహం పాలిపోవడం చూసి, "భయం లేదమ్మా. మనం ఉన్నాం కదా, తీర్చేద్దాం" అన్నాడు. నిజంగా ప్రేమగానే అన్నాడు.

వకుళ చెల్లెలి చెయ్యి పట్టుకుంది. ఎగిరే గీత కాస్త కాస్తగా దిగింది, ఇంకా దిగింది, చివరికి పచ్చగీత మీద కదలకుండా కూర్చుంది.

"ఎంత బుద్ధిగా పడుకుందో చూడక్కా" అంది మందాకిని. "అల్లరి నీలాగా రాలేదు."

పుట్టిన పిల్లకి చిన్న చిన్న కళ్ళు, లోతుగా, నల్లగుడ్డులో పిసరంత నీలిడాలుతో. బారసాలకి వెళ్ళిన సుభద్రమ్మ ఒళ్ళోకి తీసుకుని తెల్లబోయింది. "ఓసి నీ దుంపతెగ! మా ఇంటి కళ్ళు నీకెక్కడివే?"

అందరూ నవ్వారు. వకుళ కూడా నవ్వింది. ఆ కళ్ళు చూసే నీలాంజన అని పేరు పెట్టారు. మూడో ఏట నీలూకి సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి.

ఐదో ఏట వేసవి సెలవులకి నీలూ పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. అప్పుడే ఇంటికి రంగులు వేయించారు. రంగులవాళ్ళు గడప మీది సున్నం గీకేశారు, కుర్చీలూ బల్లలూ హాలు మధ్యకి లాగి వదిలేశారు. సుభద్రమ్మ పొద్దుటి నుంచీ గొణుగుతూనే ఉంది. సందె వేళకి గాలిదుమారం రేగి కరెంటు పోయింది. కిటికీల్లో ఇంకా బూడిదరంగు వెలుతురుంది. వకుళకి గోడ మీద క్యాలెండరులో దేవుడి బొమ్మ కూడా కనిపిస్తోంది.

ముందు సుభద్రమ్మ ముక్కాలి పీటకి కొట్టుకుని "చచ్చాన్రా నాయనా" అంది. ఏమైందంటూ గదిలోంచి వచ్చిన విశ్వపతి అదే పీటకి కొట్టుకుని, రంగులవాళ్ళకి బుద్ధి లేదన్నాడు. వకుళ నవ్వాపుకుంటూ పీట తీయబోయింది. ఇంతలో వంటింట్లోంచి నీలూ వచ్చింది. గుమ్మంలో ఆగింది. కుడి అరచెయ్యి గోడకి ఆనించి, కుడికాలు ముందుకి చాచి నేలని తడిమి, తర్వాత ఎడమకాలు. అచ్చం సుభద్రమ్మ నడకే, తు.చ. తప్పకుండా.

"పెద్దమ్మా, ఎక్కడున్నావు?"

వకుళ పిల్లకి నాలుగడుగుల దూరంలో, ఎదురుగా నిలబడి ఉంది.

"ఇక్కడే ఉన్నానే తల్లీ" అంది. ఆ మాట నోట్లోంచి రావడానికి చాలాసేపు పట్టింది.

ఆ కాసేపట్లో ఆమెకి ఇరవై ఏళ్ళ ఆచారాలు ఒక్కొక్కటీ అర్థమవుతూ వచ్చాయి. కనిపించడానికి తెల్లటి గడప. కనిపించనివేళ తినకూడదు కాబట్టి పొద్దుండగానే తిండి. వెతుక్కోనక్కర లేకుండా కదలని చెంబు. పగటి పెళ్ళిళ్ళు, టార్చిలైట్లు, భుజాలు పట్టుకుని దిగిన మెట్లు. ఆ వంశానికి సందె నుంచి చూపు లేదు. ఇంటిల్లిపాదికీ లేదు కాబట్టి, లేదని ఎవరికీ తెలియలేదు.

మరి ఈ పిల్లకి వాళ్ళ రక్తం చుక్క కూడా లేదే?

నీలూని సుభద్రమ్మ దగ్గర కూర్చోబెట్టి, వకుళ మొగుడితో అంది. "ఏవండీ, ఓసారి డాబా మీదికి రండి."

"దీపాలవేళ దాటాకా? అమ్మ ఊరుకోదు."

"ఊరుకుంటారు. చెయ్యి ఇలా ఇవ్వండి."

డాబా ఎక్కేసరికి బాగా చీకటి పడింది. కరెంటు లేక ఊరు ఊరంతా మాయమైంది, దూరాన జనరేటర్లున్న ఫ్యాక్టరీలు తప్ప. గాలికి మబ్బు చెదిరి, ఆకాశంలో చుక్కలు పిండి ఒలకబోసినట్టు ఉన్నాయి.

"పెళ్ళిలో నాకు అరుంధతిని చూపించారు. మళ్ళీ ఓసారి చూపించండి."

విశ్వపతి నవ్వి, వేలెత్తి చూపించాడు. "అదిగో."

"అది ఫ్యాక్టరీ గొట్టం మీది దీపమండీ."

"అయితే ఏంటి? అది లాంఛనం వకుళా. కనిపించదు కాబట్టే లాంఛనం."

"చుక్కలు కనిపించవా?"

"ఉన్నాయి, కాదనడం లేదు. దుర్భిణీలో కనిపిస్తాయి. మామూలు కంటికి అదృష్టం బాగుంటే ఒకటో రెండో. మిగతాదంతా కవులు పెంచి రాసింది."

ఆయన హాస్యమాడటం లేదు. వకుళ ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఆమె చెవి పక్కగా ఎటో చూస్తున్నాడు.

"నాకు కనిపిస్తున్నాయండీ."

"ఎన్ని?"

"లెక్కపెట్టలేనన్ని."

విశ్వపతి తలెత్తి ఆకాశంలోకి చూశాడు. తర్వాత చిన్నపిల్లాడిలా అడిగాడు. "అందరికీనా?"

"అందరికీ. నీలూకి తప్ప. ఆ పిల్ల మీ అమ్మగారిలా గోడ తడుముకుంటూ నడుస్తోంది, చూశారా?"

"పిల్లలు పెద్దవాళ్ళని చూసి నేర్చుకుంటారు" అన్నాడు విశ్వపతి. కానీ మెట్లు దిగేటప్పుడు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

మర్నాడు ల్యాబులో, యంత్రాన్ని పెద్దవాళ్ళ కంటికి సరిపోయేలా మార్చి, వకుళ కన్ను విన్నాడు. గీత ఎగిరి పడింది. పోర్టు దగ్గర రాత్రిళ్ళు లారీలు తోలేవాళ్ళని బతిమాలి తీసుకొచ్చాడు. వాళ్ళ కళ్ళు గంటల్లా మోగాయి. చివరగా తన కన్ను పెట్టి చూశాడు. గీత పచ్చగీత మీద పడుకుంది, ఓటికుండ మోతతో.

"విచిత్రంగా ఉంది" అన్నాడు. "లారీ డ్రైవర్లు అందరికీ దోషం ఉంది."

"మరి రాత్రంతా లారీలు ఎలా తోలుతున్నారండీ?"

విశ్వపతి యంత్రం ఆపేసి, ఆపేశాక కూడా దాని ముందే కూర్చున్నాడు.

వేసవి సెలవులు ముగియకముందే అన్ని ఊళ్ళలోనూ యంత్రాలు ఆగిపోయాయి. పిల్లలు మాత్రం అప్పటికే పుట్టేశారు. వాళ్ళంతా చక్కని కళ్ళతో తల్లుల కడుపుల్లో పడుకుని ఉండగా, శిల్పి వాళ్ళని వరసగా నొక్కి విశ్వపతి బంధువుల కళ్ళలా చేసి పెట్టింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఇంటివాళ్ళ చూపు సందెకి పోయినా పగలు జీవితాంతం నిలుస్తుంది. నొక్కించుకున్న తెరలకి ఆ సత్తువ కూడా లేదు. అందరికంటే ముందు తీర్చిన పిల్ల ఒకతికి ఇప్పుడు మధ్యాహ్నం ఎండలో కూడా తల్లి మొహం ఆనడం లేదట. మళ్ళీ ధ్వనితోనే వెనక్కి తీర్చవచ్చేమోనని విశ్వపతి తిండి మానేసి ప్రయత్నించాడు. పచ్చికుండని నొక్కవచ్చు, కాలిన కుండని నొక్కితే పగులుతుంది. కంటి డాక్టర్లు అందరూ అదే మాట ఇంకాస్త మర్యాదగా చెప్పారు.

విచారణకి ఆయన రాసిన నివేదిక వకుళ చదివింది. నమూనా ఎంపికలో పరిమితులు అని ఉంది. అనూహ్య పర్యవసానాలు అని ఉంది.

"తప్పు అన్న మాట ఎక్కడా లేదండీ."

"అది శాస్త్రీయమైన మాట కాదు" అన్నాడు విశ్వపతి, తలెత్తకుండా.

సుభద్రమ్మకి నచ్చజెప్పడం వకుళ వంతైంది. ఆవిడ అంతా విని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "అయితే అవి ఆచారాలు కావుటే?" అంది. ఆ రోజు నుంచి దీపాల సంగతి పట్టించుకోవడం మానేసింది. నీలూని మాత్రం వదల్లేదు. రోజూ పక్కన కూర్చోబెట్టుకుని పాఠం చెబుతోంది. "చెంబు ఎప్పుడూ ఎడమపక్కే. చెప్పులు గోడవారగా. తీసినది తీసినచోటే పెట్టాలి, తెలిసిందా? నవ్వకు, నేర్చుకో."

పత్రికల్లో వచ్చాక మందాకిని సామర్లకోట నుంచి వచ్చింది. పిల్లని తీసుకెళ్ళడానికని చెప్పింది. వకుళ ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు. అక్క మొహంలోకీ చూడలేదు. హాల్లో బావగారికి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. బయట సందె పడుతోంది, ఇంట్లో ఎవరూ దీపం వేయలేదు.

విశ్వపతి మాట్లాడటం మొదలుపెట్టాడు. నమూనాలో జన్యుపరమైన ఏకరూపత అన్నాడు. అప్పట్లో అందుబాటులో ఉన్న పరిజ్ఞానం అన్నాడు. ముందుముందు విదేశాల్లో వచ్చే పరిశోధనలన్నాడు. మందాకిని అడ్డురాకుండా వింది.

"నాకు అవేవీ అర్థం కావు బావగారూ" అంది ఆయన ఆగాక. "ఒక్కటి చెప్పండి చాలు. ఆ రోజు మీరు ముట్టుకోకముందు, నా పిల్ల కళ్ళు బాగానే ఉన్నాయా?"

"అప్పటి నమూనా ప్రకారం చూస్తే..."

"నమూనా ప్రకారం అడగలేదు."

విశ్వపతి గొంతు సవరించుకున్నాడు. మందాకిని కాసేపు చూసి, లేచింది. చెప్పుల్లేని కాళ్ళు చప్పుడు చేయలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, ఊచలు పట్టుకుని, అటు తిరిగి నిలబడింది. వకుళ లైటు వేద్దామని స్విచ్చు మీద చెయ్యి పెట్టింది. వేయలేకపోయింది. లోపలి గదిలోంచి సుభద్రమ్మ గొంతు వినిపిస్తోంది: "గుమ్మం దగ్గర ఆగు. ముందు కాలు చాపి చూసుకో. ఆఁ, అలాగ. మా బంగారమే."

విశ్వపతి కుర్చీలో ముందుకి వంగాడు. ఎదుటి కుర్చీ వైపు మొహం తిప్పి, దానికి చేతులు జోడించాడు. అది ఖాళీగా ఉందని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"బాగానే ఉన్నాయమ్మా" అన్నాడు. "గంటల్లా మోగాయి. తప్పు నాది."